థాయిలాండ్ భిక్షు సంఘం పగ్గాలు ఎవరి చేతిలో ఉంటాయి? – తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్ వెళ్లివచ్చే మనవాళ్లు ఫొటోలతో పాటు కొన్ని సందేహాలు కూడా వెంట తెస్తారు. తెల్లవారుజామున పాత్ర పట్టుకుని చెప్పుల్లేకుండా నడిచిపోయే ఆ కుర్ర భిక్షువు ఎవరి మాట వినాలి? అన్ని వేల విహారాలకు లెక్కాపత్రం ఎవరు చూస్తారు? మూడు నెలలకే చీవరాలు (కాషాయ వస్త్రాలు) విప్పేసి ఆఫీసుకు వెళ్లిపోతారట, అదెలా కుదురుతుంది? తరచుగా ఎదురయ్యే ఇలాంటి ప్రశ్నలకు జవాబులివి.

పేర్ల గురించి ముందే ఒక మాట. థాయి సంఘంలోని పదవుల పేర్లలో చాలామటుకు పాలి, సంస్కృతాల నుంచి వచ్చినవే. రాత ఒకటి, పలుకుబడి ఒకటి. ‘మహాథేర సమాగమం’ అని రాసి ‘మహాథేరసమాఖొమ్’ అని పలుకుతారు. రాతను పట్టుకుంటే తెలుగు పాఠకుడికి సగం అర్థం తనంతట తనకే తెలిసిపోతుంది. అందుకే వీలైన చోటల్లా మనకు అలవాటైన రూపమే ఇచ్చాను.

థాయిలాండ్‌లోని భిక్షువులందరికీ ఒకరే పెద్దా?

అవును. ఆయనను సంఘరాజు అంటారు. ఆయన అధ్యక్షతన ఒక పెద్దల మండలి ఉంటుంది. అదే మహాథేర సమాగమం. దాని కింద ప్రాంతం, జిల్లా, తాలూకా, గ్రామాల స్థాయిలో సంఘాధికారులు, చిట్టచివర విహారాధిపతి. దేశంలో దాదాపు 40 వేల విహారాలు ఈ నిచ్చెన మీదే ఉన్నాయి. దీనికంతటికీ ఆధారం పార్లమెంటు చేసిన సంఘ చట్టం. ఇప్పుడు అమల్లో ఉన్నది 1962 నాటిది. థాయి లెక్కలో అది 2505. వారిది బుద్ధ శకం, మన లెక్కకు 543 కలుపుకోవాలి. ఆ చట్టాన్ని 1992లో, 2017లో, 2018లో గట్టిగానే మార్చారు.

బుద్ధుడే ఇలా ఏర్పాటు చేసి వెళ్లాడా?

లేదు. నిజానికి దీనికి పూర్తిగా విరుద్ధమైన మాట చెప్పి వెళ్లాడు. తన తరువాత ఫలానావాడు పెద్ద అని ఎవరి పేరూ చెప్పలేదు. నేను బోధించిన ధర్మము, వినయమే (భిక్షువుల నియమావళి) నా తరువాత మీకు శాస్త, అంటే గురువు, అన్నాడు. బుద్ధుడి బోధల పాలి సంకలనమైన మజ్ఝిమ నికాయంలో ఒక సంభాషణ ఉంది. బుద్ధుడు పోయాక మగధ మంత్రి వస్సకారుడు ఆయన శిష్యుడు ఆనందుణ్ని అడుగుతాడు: బుద్ధుడు తన స్థానంలో ఎవరినైనా నియమించాడా? లేదు. పోనీ, మీరంతా కలిసి ఎవరినైనా ఎన్నుకున్నారా? అదీ లేదు. రాజ్యతంత్రం తెలిసిన మంత్రికి ఇది మింగుడుపడదు. దిక్కు లేనివాళ్ల మధ్య ఐకమత్యం ఎలా నిలుస్తుందని అడుగుతాడు. మేము దిక్కు లేనివాళ్లం కాదు, ధర్మమే మాకు దిక్కు అంటాడు ఆనందుడు. ఒక ఊరి పరిధిలో ఉన్న భిక్షువులందరం పున్నమికీ అమావాస్యకూ వచ్చే ఉపోసథం నాడు ఒకచోట కూడతాం, నియమావళి చదువుకుంటాం, తప్పు చేసినవాడితో ధర్మం ప్రకారమే వ్యవహరిస్తాం అని వివరిస్తాడు.

మన నేల మీది బౌద్ధం కూడా ఇలాగే నడిచింది. నాగార్జునకొండ శాసనాల్లో అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే శాఖలవారు ఒకే లోయలో వేర్వేరు ఆరామాల్లో కనిపిస్తారు. సింహళ భిక్షువుల విహారం కూడా అక్కడే ఉంది. వీళ్లందరి మీద ఒకే పీఠాధిపతి ఉన్నట్టు మాత్రం ఏ శాసనమూ చెప్పదు.

కాబట్టి థాయి భిక్షువు నెత్తిన రెండు చట్టాలు ఉన్నాయి. ఒకటి వినయం: అందులో అధికారం ఒకచోట కూడిన సంఘానిది, పెద్దరికం వర్షావాసాల, అంటే భిక్షువుగా గడిపిన వానాకాలాల, లెక్కది. రెండోది రాజ్య చట్టం: అందులో అధికారం నియామకపు ఉత్తర్వుది. మామూలు రోజుల్లో ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. వచ్చినప్పుడు ఏది నెగ్గుతుందో కింది జవాబుల్లో మీరే చూస్తారు.

ఈ నిచ్చెన ఎప్పుడు కట్టారు? ఎందుకు?

1902లో, చులాలాంగ్‌కర్ణ్ రాజు కాలంలో. ఒకవైపు బ్రిటిష్‌వారు, మరోవైపు ఫ్రెంచివారు సరిహద్దులు కొరుకుతున్న రోజులవి. ఉత్తరాన లాన్నా, ఈశాన్యాన లావో మాట్లాడే ప్రాంతాలు బ్యాంకాక్‌కు పేరుకే లోబడి ఉండేవి. రాజు జిల్లాలు ఏర్పరచి, అధికారులను పంపి, దేశాన్ని ఒక్క పాలన కిందికి తెస్తున్నాడు. ఊరూరా ఉన్న సంస్థ విహారమే. పిల్లలకు చదువు చెప్పేదీ అక్కడే. దాన్ని వదిలేసి దేశాన్ని ఏకం చేయడం కుదిరే పని కాదు. ఆ చట్టం ఎనిమిది మంది పెద్దలతో మహాథేర సమాగమాన్ని ఏర్పరచింది. అయిదుగురు కూర్చుని తీర్పు చెబితే దానికి తిరుగులేదు. విచిత్రమేమిటంటే అప్పటికి సంఘరాజు పదవి ఖాళీగానే ఉంది. 1910 దాకా అలాగే ఉంచారు. ఆ తరువాత ఆ పీఠం ఎక్కిన వజిరఞాణ రాజుగారి సోదరుడే. నేటి భిక్షువులు చదివే పాఠ్యపుస్తకాలు, రాసే పరీక్షలు చాలావరకు ఆయన వేసిన దారిలోనివే.

1932 విప్లవంతో రాచరికం రాజ్యాంగానికి లోబడింది. అది సంఘాన్నీ తాకింది. 1941 చట్టం చదివితే ఎవరికైనా చిరునవ్వు రావాలి. సంఘానికి ఒక శాసనసభ, అందులో 45 మంది దాకా సభ్యులు. ఒక సంఘ నాయకుడు, ఆయన కింద పాలన, విద్య, ప్రచారం, నిర్మాణం చూసే సంఘ మంత్రులు. వేరుగా మూడు అంచెల వినయ న్యాయస్థానాలు. అచ్చంగా పార్లమెంటరీ ప్రభుత్వమే, కాకపోతే కాషాయం కట్టుకున్నది.

1957లో సైనిక కుట్రతో వచ్చిన సరిత్ థనరత్‌కు అసలు పార్లమెంటే గిట్టదు, భిక్షువుల పార్లమెంటు గిట్టుతుందా! అధికారం ఇలా చీలి ఉంటే పనులు సాగవన్న వాదంతో 1962లో దాన్ని ఎత్తేశాడు. అధికారమంతా మళ్లీ సంఘరాజు, మహాథేర సమాగమం చేతుల్లోకి వెళ్లింది. సరిత్ పోయాడు, రాజ్యాంగాలు ఎన్నో మారాయి. ఆ చట్టం మాత్రం ఉంది.

మహాథేర సమాగమంలో ఎవరుంటారు?

సంఘరాజు అధ్యక్షుడు. ఆయన కాక గరిష్ఠంగా 20 మంది సభ్యులు. 2018కి ముందు ‘సొమ్‌దెత్’ హోదా ఉన్న పెద్దలు హోదారీత్యానే సభ్యులయ్యేవారు, మిగిలినవారిని సంఘరాజు నియమించేవారు. 2018 సవరణతో అందరినీ రాజే నియమిస్తారు. పదవీకాలం రెండేళ్లు. ఈ మండలికి కార్యదర్శి భిక్షువు కాదు, జాతీయ బౌద్ధ కార్యాలయపు డైరెక్టర్. అంటే ఒక ప్రభుత్వ ఉద్యోగి.

సంఘరాజును ఎవరు ఎన్నుకుంటారు?

ఎన్నుకోరు, రాజు నియమిస్తారు. అయితే ఎవరిని నియమించాలన్న విషయంలో రాజు చేతులు ఎంతవరకు కట్టి ఉన్నాయన్నదే అసలు తగవు. 1992 సవరణ ప్రకారం సొమ్‌దెత్‌లలో హోదారీత్యా అందరికన్నా సీనియర్ ఎవరో చూసి, మహాథేర సమాగమం ఆమోదంతో ప్రధానమంత్రి ఆ పేరు రాజుకు పంపాలి. వరుసలో ఎవరున్నారో అందరికీ ముందే తెలుసు కాబట్టి తగవు రాదనుకున్నారు.

వచ్చింది. 19వ సంఘరాజు 2013 అక్టోబరులో నూరేళ్లు నిండిన కొద్దిరోజులకు కాలం చేశారు. సీనియారిటీలో తరువాతివారు వాట్ పాక్‌నామ్ విహారాధిపతి. 2016 జనవరిలో మహాథేర సమాగమం ఆయన పేరునే ఆమోదించింది. కానీ వివాదాల్లో నలుగుతున్న ధమ్మకాయ విహారపు పెద్దకు ఆయన ఉపజ్ఝాయుడు, అంటే దీక్ష ఇచ్చిన గురువు. వీధుల్లో అటొక గుంపు, ఇటొక గుంపు చేరింది. సైనిక ప్రభుత్వపు ప్రధాని ఆ పేరును రాజుకు పంపలేదు. 2016 డిసెంబరు చివర్లో, నియమించబడిన శాసనసభ ఒకే రోజున చట్టం మార్చేసింది: సీనియారిటీ నియమం పోయింది, మండలి ఆమోదం పోయింది, నియామకం రాజు ఇష్టానికే వచ్చింది. 2017 ఫిబ్రవరిలో వాట్ రాచబొఫిత్ విహారాధిపతి అంబర మహాథేరులు 20వ సంఘరాజు అయ్యారు. ఆయన నిరాడంబరత మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. మనిషి ఎంపిక బాగుంది. అయితే ఆ ఎంపికలో సంఘానికి ఉన్న ఆ కాస్త మాట కూడా పోయిందన్నది నిజం.

కింది స్థాయిల్లో ఏమేం ఉంటాయి?

దేశాన్ని ఉత్తరం, మధ్య, తూర్పు, దక్షిణం అని నాలుగు పెద్ద విభాగాలుగా చేసి ఒక్కో పెద్దను పెట్టారు. వాటి కింద 18 ప్రాంతాలు, వాటి కింద జిల్లా, తాలూకా, గ్రామ సముదాయం. ప్రభుత్వ రెవెన్యూ వ్యవస్థ ఎలా దిగుతుందో ఇదీ అలాగే దిగుతుంది. కలెక్టరు ఉన్న చోట జిల్లా సంఘాధిపతి ఉంటారు, అంతే. ఆఖరి మెట్టు మీదున్న విహారాధిపతిని ‘చావ్ ఆవాత్’ అంటారు. ఆవాసానికి అధిపతి.

రెండు శాఖలంటారు, అవేమిటి?

మహానికాయం, ధమ్మయుత్తిక నికాయం. మొదటిది పాతది, చాలా పెద్దది. రెండోది 19వ శతాబ్దంలో మోంగ్‌కుత్ రాకుమారుడు భిక్షువుగా ఉండగా మొదలైంది. ఆయన 1824లో దీక్ష తీసుకున్నాడు. కొద్దిరోజులకే తండ్రి చనిపోతే సింహాసనం అన్నకు వెళ్లింది. 27 ఏళ్లు కాషాయంలోనే ఉండి, 1851లో రాజయ్యాడు. మోన్ జాతి భిక్షువుల నిష్ఠ చూసి, పాలి ఉచ్చారణ దగ్గర నుంచి చీవరం కప్పుకునే తీరు వరకు సరిదిద్దాడు.

శాఖ చిన్నదే, కానీ రాజుల అండ ఉన్నది. 19వ, 20వ సంఘరాజులిద్దరూ ధమ్మయుత్‌వారే. 1941 నాటి సంఘ శాసనసభలో చేతులెత్తితే గెలిచేది మహానికాయమే. ఆ సభ రద్దుకు ధమ్మయుత్‌వారు ఎందుకు కళ్లనీళ్లు పెట్టుకోలేదో ఇక వేరే చెప్పక్కర్లేదు. రెండింటినీ కలపాలని బ్యాంకాక్ శివార్లలో బాంగ్‌ఖేన్ దగ్గర ప్రభుత్వం ఒక కొత్త విహారమే కట్టించింది. అదీ చివరికి ఒక శాఖ విహారంగానే మిగిలింది. చైనీయ, వియత్నామీయ మహాయాన సంఘాలు వీటికి బయట, వేరే నిబంధనల కింద ఉంటాయి.

ఎవరు పడితే వారు భిక్షువు కావచ్చా? ఎవరు పడితే వారు దీక్ష ఇవ్వవచ్చా?

మొదటిదానికి కొన్ని షరతులున్నాయి. రెండోదానికి కచ్చితంగా వీల్లేదు.

దీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే రెండు చట్టాలూ ఒకే గదిలో కనిపిస్తాయి. సీమ అనే హద్దురాళ్ల లోపల భిక్షువులు కూర్చుంటారు. మధ్యదేశంలోనైతే (గంగా మైదానంలో) కనీసం పదిమంది, మారుమూల ప్రాంతాల్లోనైతే అయిదుగురు చాలునని వినయం చెబుతుంది. కుర్రవాణ్ని కాస్త దూరంగా నిలబెట్టి పాలిలో ప్రశ్నలు వేస్తారు. కుష్ఠు ఉందా, గడ్డలు ఉన్నాయా, క్షయ ఉందా, మూర్ఛ వస్తుందా? ‘నత్థి భన్తే’, లేదు స్వామీ. నువ్వు మనిషివేనా? ‘ఆమ భన్తే’. పురుషుడివేనా? ఎవరికీ బానిసవు కావు కదా? అప్పులు లేవు కదా? రాజభటుడివి కావు కదా? తల్లిదండ్రుల అనుమతి ఉందా? ఇరవై ఏళ్లు నిండాయా? పాత్ర, చీవరాలు ఉన్నాయా? ఇరవై ఏళ్లను తల్లి కడుపున పడ్డ నాటి నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఆ తరువాత సంఘం ముందు ఒకసారి ప్రతిపాదన, మూడుసార్లు ప్రకటన. అభ్యంతరం ఉన్నవారు మాట్లాడాలి, లేనివారు మౌనంగా ఉండాలి. అందరూ మౌనంగా ఉంటే అతను భిక్షువైనట్టే. అక్కడ ఓటూ లేదు, సంతకమూ లేదు. రెండున్నర వేల ఏళ్లనాటి సమావేశ పద్ధతి అది.

ఇప్పుడు రెండో చట్టం. ఆ మధ్యలో కూర్చున్న ఉపజ్ఝాయుడు, అంటే దీక్షాగురువు, ప్రభుత్వ చట్టం గుర్తించిన నియామకపత్రం ఉన్నవారై ఉండాలి. పదేళ్లు నిండిన సమర్థుడైన భిక్షువు ఎవరైనా దీక్ష ఇవ్వవచ్చని వినయం అంటుంది. నియామకం లేనివారు ఇవ్వరాదని చట్టం అంటుంది. దానికి తోడు తన పరిధి దాటి వెళ్లి దీక్ష ఇవ్వాలంటే అనుమతి తీసుకోవాలి. దీక్ష అయ్యాక కొత్త భిక్షువు చేతికి ఒక చిన్న పుస్తకం వస్తుంది. పేరు ‘శుద్ధి’ పుస్తకం, పలుకుబడిలో ‘సుత్థి’. అందులో ఫొటో, దీక్ష తేదీ, ఉపజ్ఝాయుడి పేరు, విహారం వివరాలుంటాయి. విహారం మారినా, చదువు పూర్తయినా అందులో నమోదు కావాలి. పోలీసు ఆపి అడిగితే చూపించాల్సింది అదే.

‘రాజభటుడివి కావు కదా’ అన్న ప్రశ్న వెనక బింబిసారుడి కాలపు కథ ఉంది. యుద్ధం తప్పించుకోవడానికి సైనికులు భిక్షువులైపోతుంటే రాజు మొరపెట్టుకున్నాడు, బుద్ధుడు నియమం పెట్టాడు. ఇవాళ థాయి ప్రభుత్వోద్యోగికి దీక్ష కోసం 120 రోజుల దాకా సెలవు దొరుకుతుంది. సెలవుచీటీ చేతిలో ఉన్న రాజభటుడన్నమాట.

మూడు నెలలకే వదిలేస్తే తప్పు కాదా?

కాదు. సాక్షి ముందు చెప్పి చీవరాలు విప్పవచ్చు, మళ్లీ దీక్షా తీసుకోవచ్చు. భూమిబల్ రాజు కూడా 1956లో 15 రోజులు భిక్షువుగా ఉన్నారు.

నియామకం లేకుండా దీక్ష ఇస్తే ఏమవుతుంది?

ఖ్రూబా శ్రీవిచై కథ చెప్పాలి. ‘ఖ్రూబా’లో మొదటి సగం మన ‘గురువు’. 1878లో లంఫూన్ జిల్లాలో ఒక పేద ఇంట్లో పుట్టాడు. లాన్నాలో అప్పటిదాకా ఎవరు దీక్ష ఇవ్వాలో ఊళ్లోని పెద్ద భిక్షువులే చూసుకునేవారు. బ్యాంకాక్ నుంచి అనుమతి తెచ్చుకోవాలన్న ఆలోచనే వారికి కొత్త. శ్రీవిచై పాత పద్ధతిలోనే దీక్షలు ఇచ్చాడు. పై అధికారులు పిలిస్తే వెళ్లలేదు. నిర్బంధించారు, వదిలారు, మళ్లీ నిర్బంధించారు. జనంలో ఆయన పేరు ఇంకా పెరిగింది. 1920లో బ్యాంకాక్ తీసుకువెళ్లి విచారిస్తే, పెద్ద తప్పేమీ తేలక తిరిగి పంపించారు.

1934 నవంబరులో ఆయన చియాంగ్‌మై దగ్గర దొయ్ సుతేప్ కొండకు రోడ్డు వేయడానికి మొదటి గడ్డపార వేయించాడు. ప్రభుత్వం డబ్బు లేదని వదిలేసిన పని అది. ఊళ్లకు ఊళ్లు పలుగూ పారా బియ్యం మూటా పట్టుకుని వచ్చాయి. ఆరు నెలలు తిరక్కుండానే కొండపైకి కారు వెళ్లింది. ఆ వెంటనే పదుల కొద్దీ విహారాలు బ్యాంకాక్ నిచ్చెన వదిలి ఆయన వెంట ఉంటామన్నాయి. మళ్లీ బ్యాంకాక్ పిలుపు, మళ్లీ నిర్బంధం. 1936లో సంఘ చట్టానికి లోబడి ఉంటానని సంతకం చేశాకే ఇంటిదారి పట్టనిచ్చారు. ఇప్పుడు ఆ రోడ్డు మొదట్లో ఆయన విగ్రహం ఉంది, రోజూ పూలదండలు పడుతుంటాయి. దొయ్ సుతేప్ ఎక్కే మన పర్యాటకులు దాని ముందు నుంచే వెళతారు, చాలామంది తల తిప్పి కూడా చూడరు.

వేడుకల్లో భిక్షువులు పట్టుకునే ఎంబ్రాయిడరీ విసనకర్రలు దేనికి?

అవి హోదా చిహ్నాలు. పూర్వం తాటాకు విసనకర్ర, పేరు కూడా ‘తాలపత్’, మన తాళపత్రమే. ఇప్పుడు పట్టు, జరీ, రంగు, అంచు ఆకారం చూసి ఆ భిక్షువు స్థాయి చెప్పేస్తారు. హోదాల వరుసను ‘సమణశక్’ అంటారు. కింద ఫ్రా ఖ్రూలు, పైన రాజగణాలు, ఆపైన ఎనిమిది సొమ్‌దెత్ స్థానాలు. అన్నీ రాజు పేరున వచ్చే బిరుదులే. వాటితో పాటు నెలకు కొంత ‘నిత్యభత్తం’ కూడా వస్తుంది. నిత్యభోజనం కోసమని పేరు, ఇచ్చేది డబ్బు.

వినయం ప్రకారం భిక్షువులు దీక్ష తీసుకున్న వరుసలో కూర్చోవాలి. నిన్న దీక్ష తీసుకున్న పండితుడైనా, మొన్న తీసుకున్న నిరక్షరాస్యుడికి నమస్కరించాలి. రాజ వేడుకల్లో మాత్రం బిరుదు వరుసలో కూర్చుంటారు. సంఘంలో పైకి రావాలన్న ఆశ పుట్టడానికి ఈ విసనకర్రే మూలమని అక్కడి విమర్శకులు ఎన్నాళ్లుగానో అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. 2025లో పెద్ద భిక్షువుల శీలానికి సంబంధించిన ఒక కుంభకోణం బయటపడినప్పుడు, అంతకు నెల ముందు 81 మందికి ఇచ్చిన బిరుదుల ఉత్తర్వును రాజు వెనక్కి తీసుకున్నారు. ఇచ్చిన చెయ్యి తీసుకోగలదు కూడా.

మన దేవాదాయ శాఖ లాంటిది అక్కడ ఉందా?

పైకి చూస్తే ఉంది. 2002 నుంచి జాతీయ బౌద్ధ కార్యాలయం ఉంది. విహారాల రికార్డులు, ప్రభుత్వ గ్రాంట్లు, సంఘపు ఆస్తులు చూస్తుంది. పోలిక అక్కడితో సరి. మన దగ్గర గుడికి ఈవోను ప్రభుత్వం పంపుతుంది, అర్చకుడు గర్భాలయం చూసుకుంటాడు. అక్కడ అర్చకుడూ ఈవో ఒక్కరే, విహారాధిపతే. చట్టం దృష్టిలో ప్రతి విహారమూ ఒక వ్యక్తిలాంటి సంస్థ, దాని తరఫున సంతకం చేసేది ఆయన. శిక్షాస్మృతి ప్రకారం ఆయన ప్రభుత్వాధికారి కిందే లెక్క. కాబట్టి విహారం డబ్బు సొంతానికి వాడుకుంటే అధికార దుర్వినియోగం కేసు పడుతుంది.

భిక్షువు వెండిబంగారాలు ముట్టరాదు. అందుకని ‘వైయావచ్చకర’ అనే గృహస్థుణ్ని పెట్టుకుంటారు. నియమం ఉన్నది కాగితం మీద, హుండీలు ఉన్నది విహారంలో. ఊరిపెద్దలు అధిపతి ముందు నోరెత్తలేని చోట ఖాతాలు ఎలా ఉంటాయో మనకు తెలియని విషయం కాదు. 2018లో విహారాలకు ఇచ్చిన ప్రభుత్వ గ్రాంట్లలో కొంత వెనక్కి మళ్లించుకున్నారన్న కేసులో మహాథేర సమాగమం సభ్యులు కూడా పదవులు పోగొట్టుకున్నారు. అదే కేసులో బౌద్ధ కార్యాలయం అధికారుల మీదా ఆరోపణలొచ్చాయి. కాపలా పెట్టిన చోటే కన్నం పడిందన్నమాట.

విహారం భూమి అమ్మవచ్చా?

దాదాపు కుదరదు. దాని హక్కు మారాలంటే పార్లమెంటు చట్టమే కావాలి. ప్రభుత్వ సంస్థలకు ఇవ్వాల్సి వస్తే మాత్రం రాజశాసనం, దానికి మహాథేర సమాగమం సమ్మతి చాలు. ఒక వృద్ధురాలు వీలునామాలో విహారానికి రాసిచ్చిన పథుమ్‌థానీ భూమి 1990లో చేతులు మారి గోల్ఫ్ మైదానమైంది. ఆమె కన్నుమూసిన క్షణం నుంచే అది సంఘం భూమి అన్న అభిప్రాయం 2001లో ప్రభుత్వ న్యాయ సలహా మండలి నుంచి వచ్చింది. ఆ తగవు ఆ తరువాత కూడా పాతికేళ్లు సాగింది.

భిక్షువు తప్పు చేస్తే ఎవరు విచారిస్తారు?

వినయంలో 227 నియమాలు. వాటిలో నాలుగు ‘పారాజికాలు’: మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, లేని ఆధ్యాత్మిక సిద్ధి ఉందని చెప్పుకోవడం. ఇవి చేసినవాడు చేసిన క్షణానే భిక్షువు కాకుండా పోతాడు. దానికి ఎవరి తీర్పూ అక్కర్లేదు. కానీ చేశాడని తేల్చాలి కదా. అందుకు 1978లో మహాథేర సమాగమం చేసిన ‘నిగ్రహకర్మ’ నిబంధనల ప్రకారం మూడు అంచెల విచారణ ఉంది. చివరి అంచె ఆ మండలే.

పోలీసు కేసైతే దారి వేరు. అరెస్టయిన భిక్షువుకు బెయిలు ఇవ్వదలచుకోకపోతే, విహారాధిపతి పూచీ తీసుకోకపోతే, చీవరాలు విప్పించే అధికారం పోలీసుకు ఉంది. నేరం రుజువు కాకముందే సుమా. విమలధమ్మ బిరుదున్న ఆసభ మహాథేరుడు ఇందుకు ఉదాహరణ. ఈశాన్య ప్రాంతపు బిడ్డ, బ్యాంకాక్ వాట్ మహాథాత్ అధిపతి, సంఘరాజు పదవికి పోటీలో నిలవగల మనిషి. బర్మా పద్ధతి ధ్యానాన్ని థాయిలాండ్‌లో వ్యాపింపజేశాడు. సరిత్ రోజుల్లో 1960లో బిరుదు తీసేశారు. 1962లో కమ్యూనిస్టు అన్న ఆరోపణతో అరెస్టు చేసి చీవరాలు విప్పించారు. నేను మనసా సంఘాన్ని వదల్లేదని చెప్పి, తెల్లబట్టల్లోనే భిక్షు నియమాలు పాటిస్తూ జైల్లో నాలుగేళ్లకు పైగా గడిపాడు. 1966లో సైనిక న్యాయస్థానం నిర్దోషి అంది. బిరుదు తిరిగి రావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది.

బలవంతంగా విప్పిస్తే భిక్షుత్వం పోతుందా? వినయం ప్రకారం వదులుకునే మాట నోటితో, మనస్ఫూర్తిగా అనాలి. చట్టం ప్రకారం అలా కాదు. 2018 అరెస్టుల తరువాత విడుదలై మళ్లీ కాషాయం కట్టినవారి విషయంలోనూ ఈ ప్రశ్నే తిరిగి లేచింది.

స్త్రీలకు స్థానం ఉందా?

అధికారిక సంఘంలో లేదు. 1920లలో నరిన్ ఫాసిత్ అనే సంస్కర్త తన ఇద్దరు కూతుళ్లకు దీక్ష ఇప్పించాడు. 1928లో అప్పటి సంఘరాజు, స్త్రీలకు భిక్షుణి దీక్షా, దానికి ముందు మెట్టైన సామణేరి దీక్షా ఏ భిక్షువూ ఇవ్వరాదని ఆజ్ఞ జారీ చేశారు. అదే ఇప్పటికీ చెల్లుతోంది. 2001లో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శ్రీలంక వెళ్లి దీక్ష తీసుకుని ధమ్మానందగా తిరిగొచ్చారు. నఖోన్ పథోమ్‌లో ఆమె ఆధ్వర్యంలో భిక్షుణుల విహారం నడుస్తోంది. అడ్డుకోరు, గుర్తించరు.

తెల్లబట్టలు, గుండుతో కనిపించే ‘మే చీ’లు ఎనిమిది శీలాలు పాటించే స్త్రీలు. సంఘ చట్టం దృష్టిలో వారు సంఘంలో భాగం కారు. ఎన్నికలొస్తే మాత్రం సన్యాసుల కింద లెక్కగట్టి ఓటు తీసేస్తారు. రెండు వైపులా నష్టమే.

అంటే భిక్షువులకు ఓటు లేదా?

లేదు. రాజ్యాంగమే వద్దంది.

పక్క దేశాల్లో కూడా ఇంతేనా?

మయన్మార్‌లో 1980 నుంచి 47 మంది సయడోల (పెద్ద భిక్షువుల) మండలి ఉంది, గుర్తింపు పొందిన నికాయాలు తొమ్మిది. శ్రీలంకలో అందరి మీదా ఒక్క సంఘరాజు లేడు, నికాయాలకూ వాటి శాఖలకూ వేర్వేరు మహానాయకులు. అక్కడి సియం నికాయం పేరు (సియం అంటే థాయిలాండ్ పాత పేరు) ఎందుకు అలా వచ్చిందంటే, లంకలో తెగిపోయిన దీక్షా పరంపరను 1753లో అప్పటి థాయి రాజధాని అయుత్థయ నుంచి వచ్చిన ఉపాలి థేరుడు తిరిగి నిలబెట్టాడు. పూర్వం లంక నుంచి వెళ్లిన విత్తనమే, మళ్లీ లంకకు చేరింది.

తెలుగువాళ్లు థాయి సంఘంలో భిక్షువు కావచ్చా?

కావచ్చు, జాతి అడ్డు కాదు. థాయి రాకపోతే ఉబోన్‌లోని వాట్ పా ననచాత్ ఉంది. 1975లో అజాన్ చా అనే భిక్షు గురువు విదేశీయుల కోసమే పెట్టించిన అరణ్య విహారం, వ్యవహారమంతా ఇంగ్లీషులో. అడిగిన రోజే దీక్ష ఇవ్వరు. మొదట తెల్లబట్టల్లో కొన్ని నెలలు, తరువాత సామణేరుడిగా ఏడాది, ఆ తరువాతే భిక్షువు. బ్రిటన్‌లో ఇదే పరంపరకు చెందిన విహారం పేరు అమరావతి! మన ధాన్యకటకం గుర్తుకొచ్చి నేను మొదట పొంగిపోయాను కానీ, వారు ‘మరణం లేని చోటు’ అన్న అర్థంలో పెట్టుకున్నారు.

దేశం దాటాక మహాథేర సమాగమం చెయ్యి అంత పొడుగు ఉండదు. 2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో అజాన్ బ్రహ్మ్ భిక్షుణీ దీక్షలో పాల్గొన్నప్పుడు థాయి చట్టం ఆయన్ను ఏమీ చేయలేదు. ఆయన గురువుగారైన అజాన్ చా మాతృ విహారం వాట్ పా పోంగ్ మాత్రం కొద్దిరోజుల్లోనే తన శాఖల జాబితా నుంచి ఆయన విహారం పేరు కొట్టేసింది.

బ్యాంకాక్‌లో ఇవన్నీ కళ్లారా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

సంఘరాజు ఉండే వాట్ రాచబొఫిత్‌కు వెళ్లండి. పేరుకు అర్థం ‘రాజు కట్టించినది’. మామూలు విహారాల్లో సీమరాళ్లు ప్రార్థనా మందిరం చుట్టూ ఎనిమిది ఉంటాయి. ఇక్కడ వాటిని విహారం ప్రహరీ మీదే పెట్టారు, కాబట్టి ఆవరణ అంతా సీమే. సంఘకర్మ ఆ ఆవరణలో ఎక్కడ జరిపినా చెల్లుతుంది. పున్నమికో అమావాస్యకో వెళ్లేలా చూసుకోండి. ఉపోసథం నాడు ఒక భిక్షువు 227 నియమాలూ చూడకుండా గబగబా అప్పజెబుతాడు. ఇంకొకరు పుస్తకం తెరిచి పట్టుకుని, మాట తప్పితే అక్కడికక్కడే ఆపి దిద్దుతారు. ఆ సమయంలో గృహస్థులకు లోపలికి ప్రవేశం లేదు. చెప్పులు విప్పి, తలుపు బయట మెట్ల మీద కూర్చుని వినవచ్చు.